చెవికీ కంటికీ వేళ చెప్పే హార్మోన్



పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర ఒకటి వేసుకుని, కాఫీ ముందు పెట్టుకుని, అరగంట ఎప్పుడవుతుందా అని గడియారం చూసేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో ప్రతి వీధికీ కొందరున్నారు. థైరాయిడ్ మాట వస్తే చాలు, ఒళ్ళు రావడం, నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం గురించే మాట్లాడుకుంటాం. అవన్నీ ఉన్నవే. అయితే ఈ హార్మోన్ చేసే అతి పెద్ద పని మనకెవరికీ గుర్తుండని కాలంలో జరిగిపోతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి వారాల్లో, చెవికి వినికిడి రావడానికీ కంటికి రంగులు తెలియడానికీ ఈ హార్మోనే కావాలి. ఆ సంబంధాన్ని ముప్పై ఏళ్ళకు పైగా తవ్వుతూ వచ్చిన ఒక శాస్త్రవేత్త గురించి, ఆయనకు ముందు దారి వేసినవాళ్ళ గురించి ఇవాళ చెబుతాను. ఆయన పేరు డగ్లస్ ఫారెస్ట్. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో, అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఆయన ప్రయోగశాల.

ముందు హార్మోన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది థైరాక్సిన్. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి కాబట్టి దాన్ని టి4 అంటారు. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ దాన్ని విడిగా స్ఫటికాల రూపంలో తీశాడు. చాలాకాలం హార్మోన్ అంటే అదే అనుకున్నారు. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ అనే ఇద్దరు టి3ని కనుక్కున్నారు. టి4లో ఒక అయోడిన్ ఊడితే టి3. నిజంగా పని చేసేది ఈ టి3యే. టి4 దానికి ముడిసరుకు. ఊడాల్సిన అయోడిన్ కాకుండా ఇంకోటి ఊడితే మాత్రం తయారయ్యేది ఎందుకూ పనికిరాని సరుకు. ఈ చిన్న తేడా మీదే ఇవాళ్టి కథంతా నడుస్తుంది కాబట్టి శ్రోతలు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎదుగుదలలో ఈ హార్మోన్ ఎంత బలమైనదో కళ్ళకు కట్టినట్టు చూపించింది కప్పపిల్లలు. 1912లో గుడర్‌నాట్ష్ అనే జీవశాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ ముక్కలు మేపాడు. అవి ఇంకా పెరగకుండానే తోకలు పోగొట్టుకుని, కాళ్ళు తెచ్చుకుని, బుల్లి కప్పలైపోయాయి. వేళ కాకముందే రూపం మారిపోయిందన్నమాట. తోకా కాళ్ళూ అందరూ చూస్తారు గానీ, అదే సమయంలో కళ్ళు కూడా మారతాయి. నీళ్ళలో ఉండగా తలకు చెరో పక్కనా ఉన్న కళ్ళు పైకి, ముందుకు జరుగుతాయి. రెండు కళ్ళతో ఒకేచోట చూసి పురుగును పట్టాలి కదా, దానికి తగ్గట్టు కంటి నుంచి మెదడుకు కొత్త నరాల దారులు పడతాయి. ఇదీ థైరాయిడ్ హార్మోన్ చేయించే పనే.

మనుషుల్లో ఈ సంగతి బయటపడింది కొండ ప్రాంతాల్లో. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న గిల్గిత్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు పనిచేసేవాడు. ఆ లోయల్లో పెద్దవాళ్ళ గొంతుల్లో గాయిటర్ వాపులు, పిల్లల్లో బుద్ధిమాంద్యం విపరీతం. 1908లో ఆయన లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆ పిల్లల్ని రెండు రకాలుగా వేరు చేశాడు. ఒక రకం పిల్లలు పొట్టిగా, ఉబ్బిన మొహంతో, మందకొడిగా ఉంటారు. రెండో రకం పిల్లలకు వినపడదు, మాట రాదు, మెల్లకన్ను, నడకలో కాళ్ళు బిగుసుకుపోతాయి. వాళ్ళను చూస్తే థైరాయిడ్ జబ్బు అని తోచనే తోచదు. ఈ రెండో రకాన్ని ఆయన అంత జాగ్రత్తగా చూసి రాశాడు గానీ, కారణం మాత్రం తప్పు పట్టాడు. తాగే నీళ్ళలో ఏదో సూక్ష్మజీవి ఉందని నమ్మి, నీటి అడుగున పేరుకున్న మడ్డిని తానే తాగి చూశాడు! సిద్ధాంతం నిలవలేదు, అసలు కారణం అయోడిన్ లోటు. చూసి రాసినది మాత్రం నిలిచింది. అదే మెక్‌కారిసన్ తర్వాత తమిళనాడు కూనూరులో మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ పిల్లలకు చెవుడు ఎప్పుడు వచ్చింది? పుట్టాకనా, పుట్టకముందా? దీనికి జవాబు పపువా న్యూగినీ కొండల్లో దొరికింది. జిమి లోయలో 1966లో పీటర్ ఫారో, ఆయన సహచరులు కొన్ని కుటుంబాలకు అయోడిన్ కలిపిన నూనె ఇంజెక్షన్, మిగతా కుటుంబాలకు ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. 1971లో వచ్చిన ఫలితం స్పష్టంగా ఉంది. గర్భం రాకముందే తల్లికి అయోడిన్ అందితే బిడ్డకు ఆ జబ్బు రాలేదు. గర్భం వచ్చాక ఇస్తే ఆ రక్షణ దొరకలేదు. అప్పటికే వేళ దాటిపోతోందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. చెవుడూ గొంతువాపూ ఒకే మనిషిలో కనబడితే ప్రతిసారీ కారణం హార్మోనే అనుకోకూడదు. 1896లో ఇంగ్లండులో పెండ్రెడ్ అనే డాక్టరు చెవుడు, గాయిటర్ కలిసి ఉన్న అక్కాచెల్లెళ్ళ గురించి రాశాడు. ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. నూరేళ్ళ తర్వాత, 1997లో, దాని జన్యువు దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను లోచెవిలోనూ థైరాయిడ్‌లోనూ వేరువేరుగా పని చేస్తుంది; అది చెడితే రెండుచోట్లా విడివిడిగా నష్టం. అంటే అక్కడ చెవుడు హార్మోన్ లోపం వల్ల వచ్చింది కాదు. డాక్టర్లు కూడా ఈ రెండింటినీ చాలాకాలం కలగలిపేశారు.

1967లో అమెరికాలో శామ్యూల్ రెఫెటాఫ్ ముందుకు ఇంకో కుటుంబం వచ్చింది. తల్లిదండ్రులు దగ్గర బంధువులు. పిల్లల్లో కొందరికి పుట్టుకతో చెవుడు, గొంతులో గాయిటర్. చిత్రమేమిటంటే, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తక్కువ కాదు, బాగా ఎక్కువ! అంత హార్మోన్ ఉండి కూడా ఒళ్ళు దాన్ని పట్టించుకోవడం లేదు. రెఫెటాఫ్ దీన్ని హార్మోన్‌కు ఒళ్ళు లొంగని జబ్బుగా గుర్తించాడు. ఆ కుటుంబంలో చెవుడుతో పాటు రంగుల చూపు కూడా దెబ్బతిన్నదని తర్వాత కంటి డాక్టర్లు గమనించారు. వినికిడీ రంగులూ ఒకే ఇంట్లో కలిసి పోయాయంటే వాటి వెనక ఒకే తాళం ఉండి ఉండాలి. అది ఏమిటో చెప్పే సాధనాలు ఆ రోజుల్లో లేవు.

ఆ సాధనం 1986లో వచ్చింది. కోళ్ళలో ఒకరకం రక్తక్యాన్సర్ తెచ్చే వైరస్ మీద పనిచేస్తున్న బ్యోర్న్ వెన్‌స్ట్రోం బృందం యూరప్‌లో, రోనాల్డ్ ఎవాన్స్ బృందం అమెరికాలో, ఇంచుమించు ఒకేసారి ఒక సంగతి కనుక్కున్నారు. ఆ వైరస్ మోసుకుతిరిగే జన్యువు అసలు రూపం, మన కణాల్లో థైరాయిడ్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకమేనట. హార్మోన్ కణంలోకి వచ్చి ఈ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. గ్రాహకం జన్యువుల మీద కూర్చుని కొన్నిటిని పని చేయిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. ఇవి రెండు రకాలు, ఆల్ఫా, బీటా. బీటాలో మళ్ళీ ఒకటి, రెండు అని ఉన్నాయి. రెఫెటాఫ్ చూసిన కుటుంబంలో బీటా జన్యువు మొత్తంగా లేకుండా పోయిందని 1990ల మొదట్లో తేలింది.

డగ్లస్ ఫారెస్ట్ కథలోకి వచ్చేది ఇక్కడే. ఆయన స్టాక్‌హోంలో వెన్‌స్ట్రోంతో కలిసి కోడిపిల్లల పిండాల్లో ఈ గ్రాహకాలు ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు కనబడతాయో చూస్తూ వచ్చాడు. ఆల్ఫా దాదాపు అన్నిచోట్లా ఉంది. బీటా మాత్రం కొన్నిచోట్లే, కొన్ని రోజుల్లోనే. 1992లో వాళ్ళు వెలువరించిన ఒక వ్యాసంలో, బీటా-రెండు రకం గ్రాహకం కోడిపిల్ల పిండం కంటి రెటీనాలో కనబడిందని ఉంది. అప్పట్లో దాన్ని ఎంతమంది పట్టించుకున్నారో గానీ, తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన పెద్ద ఫలితానికి విత్తనం అదే.

ముందు చెవి. ఫారెస్ట్ బృందం బీటా గ్రాహకం లేని ఎలుకల్ని తయారుచేసింది. ఎలుకకు వినపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? మత్తు ఇచ్చి పడుకోబెడతారు. నెత్తి చర్మం కింద, చెవుల వెనక సన్నని సూదులు గుచ్చుతారు. చెవి దగ్గర చిన్న చిటుకు శబ్దాలు వందల సార్లు వినిపిస్తారు. చెవి నుంచి మెదడు కాండానికి కబురు వెళితే తెర మీద వరసగా కొన్ని అలలు లేస్తాయి. శబ్దం తగ్గిస్తూ పోతే ఎక్కడో ఒకచోట అలలు ఆగిపోతాయి. ఆ ఎలుక వినగలిగే హద్దు అది. ఇదే పరీక్షను మన దగ్గర చంటిపిల్లలకూ చేస్తారు, సూదుల బదులు నుదుటి మీద, చెవుల వెనక అతికించే చిన్న బిళ్ళలతో. బీటా లేని ఎలుకలకు మామూలు ఎలుకలు సులువుగా వినే శబ్దాలకు అలలే రాలేదు. 1996లో నేచర్ జెనెటిక్స్‌లో ఆ ఫలితం వచ్చింది. ఆ ఎలుకల లోచెవి కోసి చూస్తే కట్టడంలో పెద్ద లోపమేదీ కనబడలేదు. అన్నీ ఉన్నాయి, వినికిడి లేదు. నాకు ఈ ఫలితంలో నచ్చేది ఇదే. అవయవం తయారవడం వేరు, పనిలోకి దిగడం వేరు అని ఇంత విడమరిచి చెప్పిన ప్రయోగాలు తక్కువ.

పనిలోకి దిగడమంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. లోచెవిలో చుట్లు చుట్లుగా తిరిగిన కాక్లియా అనే గొట్టంలో రోమకణాలుంటాయి. శబ్దం వచ్చి కదిపినప్పుడు అవి విద్యుత్ సంకేతం పుట్టిస్తాయి. ఎలుకపిల్ల పుట్టేటప్పటికి చెవిటిదే. పన్నెండు, పదమూడు రోజులకు గానీ దానికి వినపడదు. ఆ లోపు రోమకణాలు శబ్దం లేకుండానే వాటంతట అవి నెమ్మదిగా సంకేతాలు పంపుతుంటాయి. వినికిడి మొదలయ్యే వేళకు వాటి గోడల్లో పొటాషియం వేగంగా వెళ్ళిపోయే కొత్త ద్వారాలు తెరుచుకుంటాయి, దాంతో కణం చురుకవుతుంది. బీటా గ్రాహకం లేని ఎలుకల్లో ఆ ద్వారాలు తెరుచుకోవడం ఆలస్యమైందని 1998లో తేలింది. ఇంకొకటి, పుట్టిన కొత్తలో రోమకణాల పక్కన తాత్కాలికంగా ఒక కణజాలపు దిబ్బ ఉంటుంది. అది కరిగిపోయి అక్కడ ఖాళీ ఏర్పడితేనే పైనున్న పొర సరిగా కదులుతుంది. హార్మోన్ లేని ఎలుకల్లో ఆ దిబ్బ కరగదు, పైపొర కూడా అందాల్సిన తీరులో అందదు. లండన్‌లో ఎం.ఎస్. దియోల్ అనే జన్యుశాస్త్రవేత్త 1973లోనే, గర్భంతో ఉన్న ఎలుకలకు థైరాయిడ్‌ను అణిచే మందు ఇచ్చి, వాటి పిల్లల లోచెవిలో ఆ పొర చెడిపోవడం చూపించాడు. ఆయనకు జన్యువు దొరకలేదు, చూపు మాత్రం సరైన చోట పడింది.

ఇప్పటివరకూ చెప్పినదాన్ని బట్టి, హార్మోన్ ఉంటే వినికిడి వస్తుంది, లేకపోతే రాదు అనిపిస్తుంది. ఫారెస్ట్ పరిశోధన అక్కడితో ఆగి ఉంటే నేను దాని గురించి ఇంత సమయం తీసుకునేవాణ్ణి కాదు. రక్తంలో హార్మోన్ ఒళ్ళంతా ఒకేలా తిరుగుతున్నప్పుడు, చెవి ఒక రోజున, కన్ను ఇంకో రోజున, మెదడు మరో రోజున ఎలా స్పందిస్తున్నాయి అని ఆయన అడిగాడు. మన కాలువల కింద వ్యవసాయం చూసినవాళ్ళకు దీని జవాబు చెప్పడం తేలిక. కాలువలో నీళ్ళు ఆయకట్టు అంతటికీ ఒకటే. ఏ మడికి ఎప్పుడు తూము తీయాలి, ఎప్పుడు కట్టాలి అన్నది ఆ మడి రైతు చూసుకుంటాడు. ఒంట్లో ఆ తూములు డీఅయోడినేజ్ అనే ఎంజైములు. రెండో రకం ఎంజైము టి4లో ఊడాల్సిన అయోడిన్‌ను ఊడదీసి టి3 చేస్తుంది. అది తూము తీయడం. మూడో రకం ఎంజైము ఊడకూడని అయోడిన్‌ను ఊడదీసి హార్మోన్‌ను చెల్లకుండా చేస్తుంది. అది తూము కట్టడం.

2000లో ఫారెస్ట్ బృందం ఎలుకపిల్లల లోచెవిలో రెండో రకం ఎంజైమును రోజువారీగా కొలిచింది. పుట్టిన ఏడో రోజు ప్రాంతంలో అది ఒక్కసారిగా ఎగసి, తర్వాత పడిపోయింది. అంటే వినికిడి మొదలవడానికి కొద్ది రోజుల ముందు. అంతకన్నా ఆశ్చర్యం, ఆ ఎంజైము రోమకణాల్లో లేదు. చుట్టూ ఉన్న ఎముకను అంటుకున్న బంధన కణజాలంలో ఉంది. పక్కింటివాళ్ళు టి3 తయారుచేసి రోమకణాలకు అందిస్తున్నారు! 2004లో ఆ ఎంజైము లేని ఎలుకల్ని పరీక్షించారు. వాటి రక్తంలో టి3 తక్కువేమీ లేదు, అయినా చెవుడు. పుట్టిన తొలి రోజుల్లో బయటి నుంచి టి3 ఎక్కిస్తే ఆ చెవుడు చాలావరకు రాకుండా ఆగింది. రక్తపరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన లోచెవికి హార్మోన్ అందుతున్నట్టు కాదని దీంతో రుజువైంది.

తర్వాత తూము కట్టే ఎంజైము వంతు. 2009లో మూడో రకం ఎంజైము లేని ఎలుకల్ని చూశారు. కట్టేవాళ్ళు లేరు కాబట్టి వాటి చెవికి హార్మోన్ ముందే వచ్చిపడింది. దిబ్బ ముందే కరిగిపోయింది, రోమకణాలు ముందే ముదిరాయి. వినికిడి ముందే రావాలి కదా? రాలేదు. ఆ ఎలుకలూ చెవిటివయ్యాయి. కరువు వల్ల పోయిన పంట ఎంత పోయిందో, వేళ కాని వరద వల్ల పోయిందీ అంతే. హార్మోన్ విషయంలో మన ఆలోచన ఎప్పుడూ ఎక్కువా తక్కువా అన్న దగ్గరే ఆగుతుంది. నా మట్టుకు ఫారెస్ట్ పరిశోధన అంతా కలిపి చెప్పిన పెద్ద మాట ఏమిటంటే, ఎంత అన్నదాని కంటే ముందు ఎప్పుడు అని అడగాలి.

ఇక కన్ను. రెటీనాలో వెలుతురును పట్టే కణాలు రెండు జాతులు. మసక వెలుగులో పనికొచ్చే దండ కణాలు, పగటి వెలుగులో రంగులు చెప్పే శంకు కణాలు. మనకు శంకు కణాలు మూడు రకాలు: నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఎలుకకు ఉన్నవి రెండే రంగు వర్ణకాలు, ఒకటి అతినీలలోహిత కాంతికి, ఇంకొకటి ఆకుపచ్చకు. 2001లో ఫారెస్ట్, ఆయన చిరకాల సహచరి లిలీ ఎన్‌జీ, సియాటిల్‌లోని థామస్ రే తదితరులు కలిసి బీటా-రెండు గ్రాహకం లేని ఎలుకల కళ్ళు చూశారు. ఆకుపచ్చను గుర్తించే వర్ణకం ఒక్క శంకు కణంలోనూ లేదు. ఆ కణాలు మాయమైపోలేదు. అన్నీ అతినీలలోహిత రకంగా మారిపోయాయి. అంటే శంకు కణానికి పుట్టుకతో ఉన్న తోవ పొట్టి తరంగాల తోవ, ఎలుకలో అతినీలలోహిత తోవ. థైరాయిడ్ హార్మోన్ వచ్చి మళ్ళిస్తేనే అది ఆకుపచ్చ వైపు వెళుతుంది.

చెవిలో జరిగినట్టే కంటిలోనూ తూము కట్టేవాడు లేకపోతే నష్టమే. మూడో రకం ఎంజైము లేని ఎలుకల్లో సుమారు 80 శాతం శంకు కణాలు పుట్టిన కొత్తలోనే చచ్చిపోయాయని 2010లో ఆ బృందమే చూపించింది. ఆ ఎలుకల్లో బీటా-రెండు గ్రాహకాన్ని కూడా తీసేస్తే కణాలు బతికాయి. చంపింది హార్మోనే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇదంతా ఎలుకల సంగతి కదా, మనుషుల మాటేమిటి అని మీరు అడగొచ్చు. మనిషి కడుపులోని బిడ్డ కంటి మీద ఇలాంటి ప్రయోగం చేయలేం, చేయకూడదు. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జాన్‌స్టన్, ఆయన విద్యార్థిని కియారా ఎల్‌డ్రెడ్ దీనికి ఒక దారి కనిపెట్టారు. మూలకణాల నుంచి గాజు పళ్ళెంలో మనిషి రెటీనా ముక్కల్ని నెలల తరబడి పెంచారు. వాటిలో ముందు నీలం శంకు కణాలు వచ్చాయి, ఆకుపచ్చ, ఎరుపు రకాలు తర్వాత వచ్చాయి. థైరాయిడ్ గ్రాహకం లేకుండా చేస్తే అన్నీ నీలమే. హార్మోన్ ముందే వేస్తే దాదాపు అన్నీ ఎరుపు, ఆకుపచ్చే. ఇంకా బాగున్నది, ఆ రెటీనా ముక్క తన తూములు తానే నడుపుకుంది. మొదట్లో హార్మోన్‌ను చెల్లకుండా చేసే ఎంజైము ఎక్కువ, తర్వాత దాన్ని తయారుచేసే ఎంజైము ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కంటి ఇబ్బందులు ఎక్కువగా ఉండటానికి, తల్లి నుంచి వచ్చే హార్మోన్ మధ్యలో ఆగిపోవడం ఒక కారణం కావచ్చునని వాళ్ళు సూచించారు. అది సూచనే, తీర్పు కాదు.

ఎలుకకు పుట్టాక జరిగే పని మనకు కడుపులోనే జరుగుతుంది. మనిషి బిడ్డ ఆరో నెల ప్రాంతంలోనే శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. అభిమన్యుడు పద్మవ్యూహం సంగతి ఏ నెలలో విన్నాడో మనవాళ్ళు చెప్పలేదు గానీ, అయిదో నెలకు ముందైతే విని ఉండడు. బిడ్డ థైరాయిడ్ సుమారు పన్నెండో వారం నుంచి పని మొదలుపెట్టినా, గర్భం సగం గడిచేదాకా ఎక్కువ ఆధారం తల్లి హార్మోన్ మీదే. ఆ తల్లికి కావలసింది అయోడిన్. ఆమె తినేది ఉప్పు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి మన శ్రీకాకుళం బిడ్డ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నంలో వైద్యం చదివారు, మెక్‌కారిసన్ స్థాపించిన కూనూరు ప్రయోగశాలలో పనిచేశారు. 1956లో ఆయన, సహచరులు హిమాలయాల కింద కాంగ్రా లోయను మూడు ప్రాంతాలుగా విడదీశారు. రెండు ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి అయొడైడ్ రూపంలో, ఇంకోదానికి అయొడేట్ రూపంలో. మూడోదానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్న రెండుచోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది ఆ ఫలితంతోనే. రామలింగస్వామి తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు, భారత వైద్య పరిశోధన మండలిని నడిపారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? సినిమా పాటల రచయితలందరి పేర్లూ వరసగా చెప్పే మనం ఈ పేరు దగ్గర తడబడటం నాకు కష్టంగా ఉంటుంది.

ఆయన పుట్టిన జిల్లాలోనే నౌపడ ఉప్పు కొఠార్లున్నాయి. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి మనకు అయోడిన్ లోటు ఉండదని కోస్తాలో చాలామంది నమ్మకం. సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన ఉప్పులో, విడిగా కలపకపోతే, అయోడిన్ దాదాపు ఉండదు. సైంధవ లవణమూ అంతే. ఆరోగ్యానికి మంచిదని ఈమధ్య ఇళ్ళలో సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు, కల్లుప్పు మళ్ళీ వచ్చి చేరుతున్నాయి. రుచి కోసం ఊరగాయలో వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గర్భిణి ఉన్న ఇంట్లో, గర్భం కోసం చూస్తున్న ఇంట్లో రోజూ కూరలో పడే ఉప్పు మాత్రం అయోడిన్ కలిపినదే ఉండాలి. దుకాణంలో మన చేతికి వచ్చేసరికి అందులో పదిలక్షల వంతుల్లో కనీసం 15 వంతుల అయోడిన్ ఉండాలని నియమం. డబ్బా మూత తీసి పొయ్యి పక్కన వదిలేస్తే చెమ్మ చేరి అయోడిన్ తగ్గిపోతుంది. మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టండి.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న ఆడవాళ్ళకు ఒక మాట. గర్భం రాగానే మందులన్నీ బిడ్డకు చేటని మాత్ర మానేసేవాళ్ళున్నారు. ఈ మాత్ర మానకూడదు. సాధారణంగా గర్భంలో మోతాదు పెంచాల్సి వస్తుంది, కాబట్టి నెల తప్పగానే డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించుకోవాలి. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మంచిదని మీ అంతట మీరు పెంచుకోవడం కూడా తప్పే. వేళ కాని వరద ఏం చేస్తుందో ఇందాకే విన్నారు.

ఇక పుట్టిన బిడ్డ సంగతి. మన దేశంలో సుమారు వెయ్యి మందికి ఒకరు థైరాయిడ్ సరిగా లేకుండా పుడుతున్నారు. పుట్టినప్పుడు చూస్తే చాలామందిలో ఏమీ తెలియదు, ఎందుకంటే తల్లి హార్మోన్ ఇంకా కొన్నాళ్ళు కాపు కాస్తుంది. బిడ్డ ఎక్కువ నిద్రపోతుంది, తక్కువ ఏడుస్తుంది, పాలకు పెద్దగా పేచీ పెట్టదు. "మా బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలో" అని అమ్మమ్మలు మురిసిపోతుంటారు. కామెర్లు తగ్గవు, మలం గట్టిపడుతుంది, బొడ్డు ఉబ్బుతుంది, ఇవన్నీ తర్వాత కనబడతాయి. అవి కనబడేదాకా ఆగితే మెదడుకు జరిగిన నష్టం వెనక్కి రాదు. కెనడాలో జాన్ డుసో 1970లలో మొదలుపెట్టిన పద్ధతి చాలా తేలిక. బిడ్డ పుట్టిన మూడో రోజు ప్రాంతంలో పాదం వెచ్చచేసి, మడమ అంచున చిన్న గాటు పెడతారు. ప్రత్యేకమైన వడపోత కాగితం మీద ఉన్న వలయాలు నిండేలా రక్తపు చుక్కలు అద్దుతారు. చేయి తగలకుండా, ఎండ తగలకుండా ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. లోపం ఉందని తేలితే రెండు వారాల లోపు మాత్ర మొదలుపెట్టాలి. అదే థైరాక్సిన్ మాత్ర, చిన్న ముక్క, పొడి చేసి నాలుగు చుక్కల తల్లిపాలలో కలిపి పట్టిస్తే సరిపోతుంది. మందు ఖరీదు నెలకు పెద్దగా లెక్కలోకి రాదు. ఇంత చవకగా ఇంత పెద్ద నష్టాన్ని ఆపే పరీక్ష వైద్యంలో ఇంకొకటి నాకు కనబడదు. పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వమే దీన్ని తప్పనిసరి చేయాలి. కేరళ ప్రభుత్వ ఆసుపత్రులు చేస్తున్న పనిని మనం చేయలేకపోవడానికి కారణం ఏదీ లేదు.

అందాకా ఆ బాధ్యత మీదే. మీ ఇంట్లో కాన్పు ఉంటే, ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరేముందు రెండు ప్రశ్నలు అడగండి. మడమ రక్తంతో థైరాయిడ్ పరీక్ష చేశారా? చెవి వినికిడి పరీక్ష చేశారా? చేశామంటే ఫలితం ఎప్పుడొస్తుందో, ఎవరిని అడగాలో కాగితం మీద రాయించుకోండి. చేయలేదంటే ఎక్కడ చేస్తారో కనుక్కుని, బిడ్డకు వారం నిండకముందే చేయించండి.